అవ్వ కాలి బొటనవేలు

మా అవ్వ బేతంచెర్ల నాపరాయి గనుల్లో రాళ్లు మోసింది. ఆమె బొటనవేలు పక్కవేలి మీదికి వాలి, దాని మొదట్లో కీలు బుడిపెలా పొడుచుకొచ్చింది. "నడిస్తే నొస్తాది, నడవకుంటే కూడెట్లమ్మా?" అనేది.

వైద్యులు దీన్ని బనియన్ అంటారు. వేలు వంకరపోతే బరువు కీలు మీద సమంగా పడదు. మృదులాస్థి అరిగి కీళ్లవాతం చేరుతుంది. ఆడవాళ్లలోనే ఎక్కువ. నేరం ఇరుకు బూట్లదంటారు. 1958లో వచ్చిన హాంగ్‌కాంగ్ అధ్యయనంలో బూట్లు తొడిగేవాళ్లలో 33 శాతం మందికి, తొడగనివాళ్లలో 1.9 శాతం మందికి ఈ వంకర కనబడింది. జీవితమంతా వట్టికాళ్లతో నడిచిన మా అవ్వ ఆ కొద్దిమందిలాంటిదే. ఇది వంశంలోనూ వస్తుంది. ఇప్పుడు నా వేలూ వాలుతోంది.

అవ్వకు ముందు తరాల ఆడవాళ్ల కోసం చరిత్ర పుస్తకాలు తిరగేశాను. 1876-78 ధాత కరువులో కర్నూలు, కడప జిల్లాల ఆడవాళ్లు కరువుపనుల్లో రాళ్లు కొట్టారు, మట్టి మోశారు. 1877లో రిచర్డ్ టెంపుల్ రోజుకూలీలో తిండిగింజలను ఒక్క పౌనుకు కుదించాడు. నేను చదివిన కరువు చరిత్రల్లో ఆ గింజల లెక్క ఉంది. వాటికోసం నడిచిన పాదాల లెక్క లేదు.

నాకు మెత్తని చెప్పులున్నాయి, నొప్పి చెప్పుకునే చోటుంది. అవ్వకు రెండూ లేవు. ఆమె నొప్పి ఇక్కడైనా నమోదు కావాలని రాస్తున్నాను.