క్యాలెండర్ కృష్ణుడి నుంచి చైతన్యరథం దాకా

మద్రాసు త్యాగరాయనగర్‌లో బజుల్లా రోడ్డు. 1960ల్లో తిరుపతి నుంచి తిరిగొచ్చే యాత్రికుల బస్సులు పొద్దున్నే అక్కడ ఆగేవి. అప్పుడే తలనీలాలిచ్చిన గుండ్లు, చేతుల్లో లడ్డూ ప్రసాదం, చంకల్లో నిద్రమొహం పిల్లలు. కొండ మీద స్వామిని చూసొచ్చినవాళ్లు ఆ వీధిలో ఒక ఇంటి ముందు రెండో దర్శనానికి నిలబడేవారు. ఎన్.టి.రామారావు బయటికి వచ్చి నమస్కారం పెడితే తిరిగి దండం పెట్టి బస్సెక్కేవారు. ఆయన వేంకటేశ్వరుడిగా నటించగా 1960లో పి.పుల్లయ్య తీసిన ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’ వచ్చాక మొదలైన ఆనవాయితీ ఇది. ఆ సినిమా ఆడే హాళ్ల ముంగిట వేంకటేశ్వరుడి విగ్రహం నిలిపి హుండీ పెడితే, జనం ముడుపులు వేసి మరీ లోపలికి వెళ్లారు.

1983లో రామారావు పార్టీ తెలుగుదేశం గెలిచినప్పుడు చాలామంది పరిశీలకులు ఈ దృశ్యాన్నే గుర్తుచేసుకున్నారు. తెలుగువాళ్లు సినిమా దేవుణ్ని నిజం దేవుడనుకుని ఓటేశారని తేల్చేశారు. ఆ మాట ఇప్పటికీ వినబడుతుంది. అది తప్పు. ఓటేసిన కోట్లాది మంది తెలివిని చిన్నచూపు చూసే తప్పు.

ఆ జనమే అంతకుముందు ఆయన కృష్ణుణ్ని కాదన్నారు. 1956లో వచ్చిన ‘సొంత ఊరు’లో రామారావు కాసేపు కృష్ణుడి వేషంలో కనిపిస్తే ప్రేక్షకులు మెచ్చలేదు. అందుకే ‘మాయాబజార్’లో ఆ పాత్ర తన వల్ల కాదని ఆయన వెనకాడారు. దర్శకుడు కె.వి.రెడ్డి పట్టుబట్టి ఒప్పించి, కిరీటం దగ్గర్నుంచి నడక దాకా దగ్గరుండి దిద్దించారు. 1957లో సినిమా వచ్చింది. ఆ కృష్ణుడు క్యాలెండర్లకెక్కి ఇళ్లలో గోడల మీదికి చేరాడు. అంటే ఆ దేవుడు ఊరికే వెలిసినవాడు కాదు, ఒకసారి పరీక్ష తప్పి మళ్లీ రాసి నెగ్గినవాడు. మార్కులు వేసింది నేల టికెట్టు ప్రేక్షకుడు.

పైగా అదే నటుడు 1958లో ‘భూకైలాస్’లో, 1961లో ‘సీతారామ కల్యాణం’లో రావణుడయ్యాడు. 1977లో ‘దానవీరశూరకర్ణ’లో ఒకే టికెట్టు మీద కృష్ణుడిగా, కర్ణుడిగా, దుర్యోధనుడిగా కనిపించాడు. దుర్యోధనుడు సభలోకి నడిచొచ్చినప్పుడు పడిన ఈలలు కృష్ణుడికి పడినవాటికి ఏమాత్రం తీసిపోవు. తెర మీది మనిషిని దేవుడని నమ్మినవాళ్లు ఇలా చేస్తారా? వేషానికి దండం పెట్టడమూ, వేషగాణ్ని ఎరిగుండటమూ రెండూ ఒకేసారి చేయగలగడం మన వీధిభాగవతాల నాటి విద్య.

సినిమావాళ్లకు ఓట్లు పడటం కూడా 1983లో మొదలైంది కాదు. కొంగర జగ్గయ్య 1967లోనే ఒంగోలు నుంచి కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు వెళ్లారు. ఆయన కటౌట్‌కు ఎవరూ హారతి పట్టలేదు.

రామారావును రాజకీయాల దగ్గరికి తెచ్చిన వేషం వేరు. 1977లో ‘అడవి రాముడు’తో మొదలుపెట్టి ‘వేటగాడు’, ‘సర్దార్ పాపారాయుడు’, ‘కొండవీటి సింహం’, ‘జస్టిస్ చౌదరి’, ‘బొబ్బిలి పులి’ దాకా వరస చూడండి. కిరీటం పోయి కోపం వచ్చింది. యాభై దాటిన కథానాయకుడు అక్రమార్కులను నిలదీశాడు, అవసరమైతే చట్టాన్నీ పక్కన పెట్టాడు. అదే సమయంలో హైదరాబాద్‌లో ఢిల్లీ నుంచి వచ్చే కబురుతో ముఖ్యమంత్రులు మారుతున్నారు: 1978, 1983 మధ్య చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ అంజయ్యను మందలించిన తీరు ఊరూరా చర్చయింది. మార్చి 29న రామారావు పార్టీ ప్రకటించారు. ‘ఆత్మగౌరవం’ అన్న మాట దేవుడి పాత్రల్లోంచి రాలేదు, ఆ విమానాశ్రయంలోంచి వచ్చింది.

ఆ తర్వాతి తొమ్మిది నెలలు వివరంగా చెప్పుకోవాల్సినవి. పాత షెవర్లే వ్యాను ఒకటి తీసుకుని, పైన నిలబడి మాట్లాడేలా మార్చి చైతన్యరథం అన్నారు. కొడుకు హరికృష్ణ నడిపారు. పట్టుపీతాంబరాలు కట్టిన ఒంటికి ఖాకీ బట్టలొచ్చాయి. రోడ్డు పక్కనే స్నానం, వ్యానులోనే నిద్ర. సాయంత్రం వస్తాడన్న మనిషి అర్ధరాత్రి దాటాక వచ్చినా జనం కదల్లేదు. ఆడవాళ్లు హారతి పళ్లేలతో, చేలల్లోంచి నేరుగా వచ్చిన కూలీలు కాళ్లకు మట్టితో నిలబడ్డారు. ‘ఈనాడు’ రోజూ ఆ ప్రయాణాన్ని మొదటి పేజీకెక్కించింది. మరి ఊళ్లో తోరణం కట్టిందెవరు, మైకు పెట్టిందెవరు? చాలాచోట్ల అభిమాన సంఘాల కుర్రాళ్లే. వంద రోజుల పండగకు చందాలు పోగుచేసి, తెల్లవారుజాము ఆటకు హాలు ముందు పందిరి వేసిన అనుభవం వాళ్లది. ఊరూరా గుర్తుపట్టే మొహం, పిలిస్తే వచ్చే మనుషులు, ఇంటింటికీ దారి తెలిసిన కార్యకర్తలు: ఏ కొత్త పార్టీకైనా పదేళ్లు పట్టే పని అక్కడ అప్పటికే సిద్ధంగా ఉంది. సినిమా ఆరాధన రాజకీయాలకిచ్చిన అసలు పెట్టుబడి అదే. 1983 జనవరి 5న పోలింగ్ జరిగింది. 294 స్థానాల్లో మూడింట రెండొంతులకు పైగా గెలిచి, 9న లాల్‌బహదూర్ స్టేడియంలో జనం మధ్య ప్రమాణం చేశారు.

గెలిపించినవాళ్లు లెక్క అడగడం మానలేదు. రెండు రూపాయలకు కిలో బియ్యం అందింది. కరణం, మునసబు పదవులు పోయాయి, ఆడపిల్లకు ఆస్తిలో హక్కు వచ్చింది. ఇవన్నీ చేసిన మనిషినే 1989లో కల్వకుర్తి ఓటర్లు ఓడించారు. ఆయన అదే ఎన్నికల్లో హిందూపురంలో గెలిచారు గానీ అధికారం పోయింది.

ఓటరు భక్తుడు కాడు సరే. పార్టీ మాత్రం అభిమాన సంఘం లాగే మిగిలిపోయింది. సంఘంలో కథానాయకుణ్ని ప్రశ్నించేవాడు ఉండడు. పార్టీలోనూ ఆయన మాటే ఆఖరి మాట. దీని ఖరీదు ఆయనే చెల్లించారు. 1984 ఆగస్టు 16న, గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన కొద్దిరోజులకే గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ను తొలగిస్తే రాష్ట్రం వీధుల్లోకి వచ్చింది. సెప్టెంబరు 16న తిరిగి ముఖ్యమంత్రిని చేసేదాకా ఆగలేదు. 1994 డిసెంబరులో అంతకన్నా పెద్ద గెలుపు. తొమ్మిది నెలలు తిరక్కుండానే, 1995 ఆగస్టులో, సొంత ఎమ్మెల్యేల్లో అత్యధికులు ఆయన అల్లుడి వెంట హుస్సేన్‌సాగర్ పక్కన వైస్రాయ్ హోటల్‌కు చేరారు. అదే చైతన్యరథంలో ఆయన అక్కడికి వెళ్తే చెప్పులు పడ్డాయి. ఈసారి వీధుల్లోకి జనం రాలేదు. 1984లో పోయింది తమ ఓటని జనం అనుకున్నారు. 1995లో అది ఇంటి గొడవలా కనిపించింది. విభేదాన్ని విని తీర్చే వేదిక పార్టీలో ఒక్కటున్నా ఆ హోటల్ దాకా వచ్చేది కాదని నా నమ్మకం. 1996 జనవరి 18న ఆయన కన్నుమూశారు. అంత్యక్రియలకు మళ్లీ జనసముద్రం కదిలింది.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 2008 ఆగస్టు 26న తిరుపతిలో చిరంజీవి ప్రజారాజ్యం పెట్టినప్పుడు ఆ జనాన్ని చూసి 1983 తిరిగొచ్చిందన్నారు. వచ్చినవి 18 సీట్లు. ఆయన తిరుపతిలో గెలిచి, సొంత జిల్లా పాలకొల్లులో ఓడారు. 2011లో పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2019లో పవన్ కల్యాణ్ జనసేన ఒక్క రాజోలుకే పరిమితమై, ఆయన గాజువాక, భీమవరం రెండుచోట్లా ఓడిపోయారు. 2024లో పొత్తులో పోటీ చేసిన 21 స్థానాలూ గెలిచి ఉపముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఐదేళ్లలో అభిమానులు హఠాత్తుగా పెరిగిపోలేదు, పొత్తు లెక్క మారింది.

మారనిది అభిమాని స్థానం. 2020 సెప్టెంబరులో కుప్పం దగ్గర శాంతిపురం మండలంలో పవన్ కల్యాణ్ పుట్టినరోజుకు బ్యానర్ కడుతూ ముగ్గురు యువకులు కరెంటు తగిలి చనిపోయారు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంధ్య థియేటర్‌లో ‘పుష్ప 2’ ప్రత్యేక ప్రదర్శనకు కథానాయకుడు వచ్చినప్పుడు తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయంలో పడ్డాడు. బెనిఫిట్ షోలకు, టికెట్ల పెంపుకు ఇక అనుమతి ఉండదని తెలంగాణ ముఖ్యమంత్రి శాసనసభలోనే ప్రకటించారు. నెల తిరక్కుండా సంక్రాంతికి మరో పెద్ద సినిమా వచ్చింది. దానికి ప్రభుత్వం అదనపు ఆటలకూ ధర పెంపుకూ అనుమతి ఇచ్చింది, హైకోర్టు ప్రశ్నించాక వెనక్కి తీసుకుంది.