వడ్లగది ఖాళీ అయ్యాక

కొత్తగా కట్టే ఇళ్ళలో ‘గెస్ట్ రూమ్’ అని ఒక గది తప్పనిసరిగా ఉంటోంది. మంచం, పరుపు, బీరువా, కొత్త దుప్పటి అన్నీ ఉంటాయి. ఉండనిది మనిషే. ఏడాదిలో ఏ పది రోజులో ఆ గది తలుపు తెరుస్తాం. మిగతా రోజులు దుమ్ము దులపడానికే. మీ ఇంట్లోనూ అలాంటి గది ఒకటి ఉంటే, మన ముందుతరాల ఆడవాళ్ళు ఒక గదిని ఎన్ని రకాలుగా వాడుకున్నారో చెప్పాలని ఉంది.

మా ఇందుకూరుపేట పెన్న డెల్టా ఊరు. 1855లో పెన్న మీద నెల్లూరు ఆనకట్ట, తర్వాత సంగం ఆనకట్ట వచ్చాక ఈ వైపంతా వరి పంట స్థిరపడింది. మొలకొలుకుల బియ్యానికి నెల్లూరు పేరు మోగింది. పంట ఇంటికి వస్తే దాచడానికి చోటు కావాలి కదా! అందుకే కాస్త పొలం ఉన్న ప్రతి ఇంట్లో ఒక వడ్లగది ఉండేది. గాలి తక్కువ, వెలుతురు తక్కువ, కిటికీ ఉన్నా చిన్నది. విత్తనాల వడ్లు ఒక మూల, తిండికి ఉంచుకున్నవి ఒక మూల, పైన అటక మీద ఆవకాయ జాడీలు, చింతపండు కుండలు.

అయితే వడ్లు ఏడాది పొడుగునా నిండుగా ఉండవు. సగం ఖాళీ అయ్యాక ఆ గదే పురిటి గది అయ్యేది. కూతురు కాన్పుకు వస్తే అలికి, నులకమంచం వేసి, కుంపటి పెట్టి, సాంబ్రాణి పొగ వేసేవాళ్ళు. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే వాళ్ళను పడుకోబెట్టేదీ ఆ గదిలోనే. పెళ్ళి వస్తే అరిసెలు, లడ్లు పెట్టి తాళం వేసే గదీ అదే. తుఫాను వస్తే పక్కనున్న పూరిళ్ళ వాళ్ళు పిల్లల్ని ఎత్తుకొచ్చి తలదాచుకునే చోటూ అదే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను రాత్రి మా అత్తగారి వడ్లగదిలో మూడు కుటుంబాలు తెల్లవారేదాకా కూర్చున్నాయి. గోతాలు ఒక పక్కకు జరిపి పిల్లల్ని వాటిమీదే పడుకోబెట్టారని ఆమె ఎన్నిసార్లు చెప్పేవారో!

ఆ గదికి ఇంకో ముఖం కూడా ఉంది, అది దాచకూడదు. నెలలో మూడు రోజులు ఆడవాళ్ళను ‘దూరంగా’ కూర్చోబెట్టింది కూడా ఇలాంటి చీకటి మూలల్లోనే. ఇంట్లో మిగులు చోటు ఆడవాళ్ళ పేరు మీద ఉందంటే అది చాలాసార్లు వాళ్ళను పక్కన పెట్టడానికే. అందుకే ఆ చోటును తలకిందులు చేసి వాడుకున్న ఆడవాళ్ళంటే నాకు అంత గౌరవం.

రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించింది తన ఇంట్లోనే. పెళ్ళి ఆయన చేయించారని పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ పెళ్ళికి ఇల్లు నడిపింది రాజ్యలక్ష్మమ్మగారు. ఊరు వెలివేసింది. వంటవాళ్ళు, నీళ్ళవాళ్ళు రావడం మానేశారు. ఆమే గోదావరి నుంచి నీళ్ళు మోసి, వండి పెట్టారు. తర్వాత దిక్కులేక వచ్చిన వితంతువులను ఇంట్లో పెట్టుకుని చూసుకున్నదీ ఆమే. సంస్కరణ అంటే ఉపన్యాసం అనుకుంటాం. ముందు ఎవరో ఒకరు ఇంట్లో చాప పరిచి, వచ్చిన మనిషికి కంచం పెట్టాలి.

హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న మొదలైంది. దానికి అప్పుడు సొంత భవనం లేదు. రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో చోటిచ్చారు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకానికి దొరికిన పెద్ద నీడ ఒక ఇంటి కప్పు కింద మొదలైందన్నమాట.

ఇక మన నెల్లూరు కథకు వస్తాను. పొణకా కనకమ్మగారు 1892లో పుట్టారు. చిన్నతనంలోనే పెళ్ళయి పొట్లపూడి కోడలయ్యారు. బడికి వెళ్ళి చదివిన చదువు కాదు ఆమెది, ఇంట్లో తనకు తానుగా నేర్చుకున్నది. 1913 ప్రాంతంలో పొట్లపూడిలో సుజనరంజనీ సమాజం, వివేకానంద గ్రంథాలయం మొదలుపెట్టించారు. గడప దాటని కోడలు ఊరికి పుస్తకాల గది ఇచ్చింది! 1921లో మా మండలంలోని పల్లిపాడులో పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం వచ్చిందంటే దాని వెనుకా ఆమె చెయ్యి ఉంది. ఆశ్రమానికి భూమి ఇచ్చింది ఆమే. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్యగార్లు పూనుకున్నారు. దక్షిణాఫ్రికాలో గాంధీగారి స్నేహితుడు పార్శీ రుస్తుంజీ పదివేల రూపాయలు ఇచ్చారు. ఏప్రిల్ 7న గాంధీగారే వచ్చి ప్రారంభించారు.

1923లో ఆమె నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. 1929లో దాని భవనానికి గాంధీగారు పునాదిరాయి వేశారు. విచిత్రం చూడండి, అదే 1929లో ఇంగ్లండులో వర్జీనియా వుల్ఫ్ అనే రచయిత్రి, ఆడది రాయాలంటే కాస్త డబ్బు, తనకంటూ ఒక గది ఉండాలని ఒక పుస్తకమే రాసింది. వుల్ఫ్ గది తలుపు వేసుకోవడానికి. కనకమ్మగారి గది తలుపు తీసిపెట్టడానికి. రెండూ కావాలి మనకు. కనకమ్మగారు జైలుకూ వెళ్ళారు, కవిత్వమూ రాశారు. అయితే ఆమె ఆత్మకథ ‘కనకపుష్యరాగం’ పుస్తకంగా వచ్చింది 2011లో, ఆమె పోయిన దాదాపు యాభై ఏళ్ళకు. అందరికీ గదులు కట్టించిన మనిషి మాటలు అన్నేళ్ళు ఏ పెట్టెలో మూతపడి ఉన్నాయో అనిపిస్తుంది నాకు.

మనకు గుర్తున్న కాలానికి వస్తే 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం. పొద్దుగూకాక లాంతరు పెట్టుకుని వసారాల్లో, గుడి అరుగుల మీద ఆడవాళ్ళు పలకలు పట్టారు. ఆ పాఠాల్లో సారా వల్ల సంసారాలు పాడైన కథలు చదివి, మాట్లాడుకుని, దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించారు. అక్కడ అంటుకున్న నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ వెంటనే రోజుకొక రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు. మా అత్తగారి సంఘం కూడా మా వడ్లగదిలోనే కూడేది. అప్పటికే వడ్లు కళ్ళంలోంచే మిల్లుకు పోతున్నాయి, గది ఖాళీ. గోడకు సున్నం కొట్టించి, ట్యూబులైటు పెట్టించి, నేల మీద చాప పరిచారు. సంతకం పెట్టడం ఆమె నేర్చుకున్నది ఆ గదిలోనే. పొదుపు పుస్తకంలో వంకర టింకరగా ఉన్న ఆ సంతకాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

పోయినేడు ఆమె కాలం చేశారు. చివరి నాలుగేళ్ళు మెట్లెక్కలేక ఆ గదిలోనే మంచం వేసుకున్నారు. ఇప్పుడు గది మళ్ళీ ఖాళీ. “ఏసీ పెట్టించి పిల్లోడికి సిద్ధం చేద్దాం. వాడొచ్చినప్పుడు యాడ పడుకుంటాడు?” అంటారు మా ఆయన. మా వాడు రెండేళ్ళకొకసారి వస్తాడు, వస్తే పదిహేను రోజులుంటాడు. “వాడికి మంచం ఉంటది గానీ, మిగిలిన రోజులు గదికి తాళం ఎందుకండీ?” అన్నాను. ఆయన కొడుకు కోసం అడుగుతున్నారు, నాకు తెలుసు. తాళం వేస్తే వాడి కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది ఆయనకు. నాకేమో ఆ తాళం చూస్తే వాడు లేడన్నది రోజూ గుర్తొస్తుంది. ఈ మాట పైకి అనేసరికి ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “సరే, ముందు ఆ కిటికీ పెద్దది చేయించు” అన్నారు.

మీ ఇంట్లోనూ గది ఖాళీగా ఉంటే ముందు వెలుతురు చూడండి. వెలుతురు ఉంటే సగం పనులు వాటంతట అవే వస్తాయి. గోడకు మడిచే మంచం పెడితే పడక అవుతుంది, మడిస్తే చోటవుతుంది. కుట్టుమిషను కిటికీ దగ్గర వేయండి. ఒక గోడకు పుస్తకాల అర చాలు, వీధిలో పిల్లలు సాయంత్రం వచ్చి చదువుకుంటారు. కింది అంతస్తు గది అయితే గడప తగ్గించి, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించండి. రేపు ఆ గది అవసరం పడేది మనకే. సముద్రం దగ్గరి ఊళ్ళ వాళ్ళైతే ఎత్తులో ఒక అర ఉంచి టార్చి, కొవ్వొత్తులు, ఇంటి కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. అన్నిటికన్నా ముందు, రోజులో ఒక గంట తలుపు వేసుకుని మీరు ఒక్కరే కూర్చునే హక్కు ఆ గదిలో రాసిపెట్టుకోండి. ఆ గంటలో ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పాల్సిన పని లేదు.