మీథేన్ సూక్ష్మజీవులు: పరిశోధన చరిత్ర

రాలిన ఆకు, ఎండుగడ్డి, పశువుల పేడ కుళ్లినప్పుడు వాటిలోని కార్బన్‌ను మళ్లీ గాలిలోకి పంపేవి ప్రధానంగా సూక్ష్మజీవులే. గాలి తగిలేచోట అది కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. గాలి చొరబడని చెరువు బురదలోనూ ఆవు పొట్టలోనూ కొంత భాగం మీథేన్‌గా మారుతుంది. ఈ రెండో దారి తేటతెల్లం కావడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది.

1776 నవంబరులో ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా మాజోరె సరస్సు ఒడ్డున బురదను కర్రతో కెలికి, పైకొచ్చిన బుడగలను సీసాలో పట్టాడు. నిప్పు చూపితే ఆ వాయువు, అంటే మీథేన్, మండింది. దాన్ని పుట్టించేదేమిటో తేల్చే సాధనాలు అప్పటికి లేవు. 1906లో నెదర్లాండ్స్‌లో సోన్‌గెన్ అనే శాస్త్రవేత్త మీథేన్‌ను తిని బతికే బ్యాక్టీరియాను గుర్తించాడు.

అసలు మలుపు 1967లో వచ్చింది. రష్యా శాస్త్రవేత్త ఒమెలియాన్‌స్కీ పేరిట ఉన్న ఒక సూక్ష్మజీవి ఆల్కహాల్‌ను మీథేన్‌గా మారుస్తుందని అందరూ నమ్మేవారు. శాస్త్రవేత్తలు బ్రయంట్, వోల్ఫ్‌ల బృందం పరీక్షిస్తే అందులో ఒకటి కాదు, రెండు జీవులున్నాయి. మొదటిది ఆల్కహాల్‌ను విడగొట్టి హైడ్రోజన్ వదులుతుంది. ఆ హైడ్రోజన్ పేరుకుపోతే మొదటి జీవి పనే ఆగిపోతుంది. రెండోది ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్ చేస్తుంది. ఒకదాని వ్యర్థమే మరొకదానికి మేత. ఈ రంగంలో ఇంతకంటే విలువైన పాఠం మరొకటి లేదనిపిస్తుంది.

1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ ఈ మీథేన్ జీవులు బ్యాక్టీరియా కానేకావని, వేరే వంశమని జన్యు ఆధారాలతో చూపారు. ఆ వంశాన్నే ఇప్పుడు ఆర్కియా అంటున్నాం. 2000లో అమెరికాలోని ఒరెగాన్ తీరానికి దూరంగా, సముద్రగర్భ మట్టిలో మరో జంట బయటపడింది. మధ్యన ఆర్కియా గుంపు, చుట్టూ సల్ఫేట్‌ను వాడుకొనే బ్యాక్టీరియా. రెండూ కలిసి ఆక్సిజన్ లేకుండానే మీథేన్‌ను ఖర్చు చేస్తాయి. అడుగు మట్టిలో పుట్టే మీథేన్‌లో చాలా భాగం సముద్రం దాటి రాకపోవడానికి ఇలాంటి జంటలే కారణం.

నీళ్లు నిలిచిన వరి మడిలోనూ ఇదే కథ. మట్టిలో ఆక్సిజన్ అయిపోయాక మీథేన్ చేసే ఆర్కియా విజృంభిస్తాయి. అవి చేసిన మీథేన్‌లో ఎక్కువ భాగం బుడగలుగా కాక, వరి మొక్క లోపలి గాలి గొట్టాల గుండా పైకి పోతుంది. వేళ్ల దగ్గర కాస్త ఆక్సిజన్ ఊరుతుంది కాబట్టి అక్కడ మీథేన్‌ను తినే బ్యాక్టీరియా కొంత మింగేస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లోనైనా మరెక్కడైనా మడిని అప్పుడప్పుడు ఆరబెట్టి మళ్లీ తడిపితే, గాలి తగిలి మీథేన్ బాగా తగ్గుతుంది. అయితే ఆరుతూ తడిసే మట్టిలో, వాతావరణాన్ని వేడెక్కించే మరో వాయువైన నైట్రస్ ఆక్సైడ్ పెరగవచ్చు. ఎరువు ఎప్పుడు, ఎంత వేస్తారన్నదాన్నిబట్టి అది ఉంటుంది.