ఉప్పెన శిక్షయేనా? 1864, 1977 సంఘటనల తార్కిక పరిశీలన

పామర్రు నుండి అవనిగడ్డ వరకు గల సంఘములలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ప్రస్తావన వచ్చినప్పుడు, "అది అక్కడివారి పాపమునకు శిక్ష" అను మాట వినబడుచుండును. ఆ ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించినట్లు అధికారిక లెక్క. మృతుల బంధువులు నేటికిని మన ఆరాధనలలో కూర్చుండి ఈ మాట వినుచున్నారు. కనుక ఈ వాదమును పరీక్షింప పూనుకొనుచున్నాము.

17వ శతాబ్దమునకు చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు 'తర్కసంగ్రహము'లో సవ్యభిచారమను హేతుదోషమును వివరించెను. పొగ ఉన్నది గనుక కొండపై నిప్పున్నదనవచ్చును. నిప్పు లేనిచోట పొగ ఉండదు. కాని కొండ మన తెలివికి అందుచున్నది గనుక అక్కడ నిప్పున్నదనరాదు. చెరువును తెలివికి అందునదే, అందులో నిప్పు లేదు. సాధ్యము లేనిచోట కూడ కనబడు హేతువు దేనిని రుజువు చేయజాలదు.

"ఉప్పెనలో చచ్చిరి గనుక వారు ఇతరులకంటె పాపులు" అను వాదము ఇట్టిదే. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నము ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1843లో రాబర్ట్ నోబుల్ పాఠశాల స్థాపించిన పట్టణమది. ఆ రాత్రి మిషన్ బాలికల పాఠశాల విద్యార్థినులు కూడ నీట మునిగి చనిపోయిరి. వాక్యము నేర్చుకొనుచున్న ఆ పిల్లలు పట్టణమంతటిలో ఎక్కువ పాపులని ఎవరనగలరు?

మరియొక సాక్ష్యము గలదు. 1990 మే 9న మరియొక తీవ్ర తుఫాను కృష్ణా ముఖద్వారము దగ్గరనే తీరము దాటెను. మృతులు 1,000కి లోపే. ఈ 13 సంవత్సరములలో ప్రజల పాపము తగ్గెనని చెప్పుటకు ఆధారము లేదు. మారినవి ముందస్తు హెచ్చరికలు, తుఫాను ఆశ్రయ భవనములు, లక్షకు పైగా జనులను ముందే తరలించిన ఏర్పాటు.

అయితే సొదొమ తీర్పు మాటేమి? అక్కడ దేవుడే కారణము తెలియజేసెను, అది శబ్దప్రమాణము. 1977ను గూర్చి మనకట్టి వాక్కు లేదు. సిలోయములో గోపురము పడి చచ్చిన 18 మందిని గూర్చి ప్రభువు ఈ హేతువునే త్రోసివేసెను (లూకా 13). మారుమనస్సు పొందుడని వినుచున్నవారినే హెచ్చరించెను గాని మృతులపై తీర్పు చెప్పలేదు.

కాబట్టి కాపరులు వేదికపై కారణము ప్రకటించుటకు ముందు దానికి ప్రమాణమేదో అడుగుకొనవలెను. ప్రమాణము లేనిచోట దుఃఖించువారితో కలిసి దుఃఖించుటయు, తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మందను ముందుగా ఆశ్రయమునకు చేర్చుటయు మన పరిచర్య.