ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం (1975–76): పల్లె బడిలో తెర మీది పాఠం – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

పాఠశాలలో దృశ్య మాధ్యమ వినియోగం డిజిటల్ తరగతి గదులతోనే మొదలైందన్న భావన వ్యాప్తిలో ఉంది. అయితే తెలుగు పల్లెల్లోని కొన్ని ప్రాథమిక పాఠశాలలకు తెర మీది పాఠం అర్ధశతాబ్దం కిందటే పరిచయమైంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం (సైట్) అందుకు కారణం. ఆ ప్రయోగంలో ఉపాధ్యాయునికి దక్కిన స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం

భారతదేశంలో టెలివిజన్ ప్రసారాలు 1959లో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమయ్యాయి. 1961లో ఫోర్డ్ ఫౌండేషన్ సహకారంతో అక్కడి ఉన్నత పాఠశాలలకు పాఠ్యప్రసారాలు మొదలయ్యాయి. అవి పాఠ్యప్రణాళికను అనుసరించినవి, నగరానికి పరిమితమైనవి. టెలివిజన్ నగరం నుంచి పల్లెకు మెల్లగా పాకవలసిన అవసరం లేదని, ఉపగ్రహం ద్వారా నేరుగా పల్లెకే చేరవచ్చునని విక్రం సారాభాయ్ ప్రతిపాదించారు. 1969లో అణుశక్తి శాఖకు, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు మధ్య ఒప్పందం కుదిరింది. 1971 డిసెంబరులో సారాభాయ్ మరణించిన తరువాత యశ్‌పాల్, ఇ.వి. చిట్నిస్ వంటి శాస్త్రవేత్తలు ఆ పనిని ముందుకు నడిపారు.

ప్రయోగ స్వరూపం

నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది కాలానికి తూర్పు ఆఫ్రికా పైభాగానికి జరిపి ఈ ప్రసారాలకు వినియోగించారు. ఆంధ్రప్రదేశ్‌తో పాటు బీహార్, కర్ణాటక, మధ్యప్రదేశ్, ఒడిశా, రాజస్థాన్‌లలోని సుమారు 2,400 గ్రామాల్లో సామూహిక టీవీ సెట్లు ఏర్పాటయ్యాయి. కోళ్ల గూళ్లకు వాడే తరహా తీగవలతో చేసిన, సుమారు 3 మీటర్ల వ్యాసం గల యాంటెన్నాలు సంకేతాలను అందుకునేవి. తెలుగు కార్యక్రమాల నిర్మాణానికి హైదరాబాద్‌లో కేంద్రం నెలకొంది.

రోజుకు నాలుగు గంటల ప్రసారాల్లో ఉదయపు గంటన్నర 5–12 ఏళ్ల బాలల కోసం కేటాయించారు. హిందీ, ఒడియా, తెలుగు, కన్నడ భాషలు ఆ సమయాన్ని పంచుకోగా ఒక్కో భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు దక్కాయి.

తరగతి గది – ఉపాధ్యాయుడు

ఒకే కార్యక్రమాన్ని వేర్వేరు తరగతుల పిల్లలు కలిసి చూసేవారు. అందువల్ల అది ఏ ఒక్క తరగతి పాఠ్యాంశాన్నీ పూర్తి చేయడానికి ఉద్దేశించినది కాదు. పిల్లల్లో జిజ్ఞాసను రేకెత్తించడం, చుట్టూ ఉన్న ప్రకృతిని పరిశీలింపజేయడం దాని లక్ష్యం. ప్రసారం ఏకముఖమైనది. తెరపై కదిలే బొమ్మను ఆపమనడానికి గానీ, మళ్లీ చూపమనడానికి గానీ పిల్లవానికి అవకాశం లేదు. సందేహం తీర్చవలసిన బాధ్యత ఉపాధ్యాయునిదే.

ఈ వాస్తవాన్ని నిర్వాహకులు గుర్తించారనడానికి ఉపాధ్యాయ శిక్షణే నిదర్శనం. రెండు విడతలుగా, విడతకు 12 రోజుల చొప్పున, మొత్తం దాదాపు 50 వేల మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞాన శాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. టెలివిజన్‌తో పాటు రేడియో, ముద్రిత సామగ్రి, స్వయంగా చేసి చూసే కృత్యాలు, చర్చలు అందులో భాగమయ్యాయి.

ప్రయోగానంతర మూల్యాంకనంలో పిల్లల భాషాభివృద్ధిలో మెరుగుదల కనిపించింది. పాఠశాలలో చేరికలపై మాత్రం చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. బడి మానే పిల్లవాణ్ణి పొలానికో పశువుల వెంటకో పంపే ఆర్థిక స్థితిని తెర మార్చలేదు గనుక ఈ ఫలితం అసహజమేమీ కాదు.

అనంతర పరిణామాలు

గడువు తీరగానే ఉపగ్రహం వెనక్కు మళ్లింది. ఇన్సాట్-1బి సేవలతో 1980వ దశకంలో పాఠశాల ప్రసారాలు మళ్లీ ఊపందుకున్నాయి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఎడ్యుశాట్ విద్యకే అంకితమైన ఉపగ్రహం. సైట్‌లో లేని ముఖాముఖి సంభాషణకు అది వీలు కల్పించింది. 2020లో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు తెలంగాణలో దూరదర్శన్, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి.

ముగింపు

యాంటెన్నా స్థానంలో అంతర్జాలం, సామూహిక టీవీ స్థానంలో స్పర్శతెర వచ్చాయి. పాఠాన్ని ఆపి మళ్లీ చూసే సౌకర్యమూ కలిగింది. పిల్లవాని ప్రశ్న ఎవరిని చేరాలన్నది మాత్రం 1975 నాటి సమస్యగానే నిలిచి ఉంది. పరికరాల సంఖ్యనే ప్రగతికి కొలమానంగా తీసుకునే విద్యాచరిత్ర, ఆ ఏడాది శిక్షణ పొందిన వేలాది ఉపాధ్యాయులను లెక్కలోకి తీసుకోకపోతే అసమగ్రమవుతుంది. ఉపగ్రహం వెళ్లిపోయిన తరువాత బడిలో మిగిలినవారు వారే.