కాచిగూడ పంతులు, జకార్తా పసిడి

సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తి బడిపంతులుగిరీ. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడిలో ఆటల బాధ్యత కూడా నెత్తికెత్తుకున్నారు. ఫుట్‌బాల్ ఆటగాడిగా ఆయన గురించి చెప్పుకోవలసింది తక్కువే. ఉస్మానియా జట్టుకు, ఊళ్లోని కమర్ క్లబ్బుకు సరదా కొద్దీ ఆడారు. ఆడి సంపాదించుకునే రోజులా అవి?

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు కోచ్ బాధ్యత ఆయన చేతికొచ్చింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాదే అని దేశమంతా అనుకునే కాలం. ఆ ఏడాదే డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్‌బగాన్‌ను మన పోలీసులు ఓడించారు. బొంబాయి రోవర్స్ కప్పయితే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు హైదరాబాద్‌కే వచ్చింది.

దీని వెనక ఉన్నది మంత్రమేమీ కాదు, మాస్టారి బుర్ర. రహీం నగరంలో చిత్రమైన టోర్నమెంట్లు పెట్టించేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం: బంతి కాలికి తగలగానే పక్కవాడికి పాస్ ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలితో గోల్ మీద గోల్ కొట్టే మొనగాడు ఎడమకాలితో బంతిని ఎటో తన్ని నవ్వులపాలు కావలసిందే. సీజను ముగిసేసరికి మాత్రం వాడికి రెండు కాళ్లూ పలికేవి. లెక్కల్లో వెనకబడిన పిల్లాడిచేత ఆ లెక్కలే మళ్లీ మళ్లీ చేయించే పద్ధతి ఇది.

పేద కుర్రాళ్ల మీదా ఆయన కన్ను ఉండేది. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం దగ్గర ప్రాక్టీసుకు రావడానికి దారి ఖర్చు లేకపోతే, అద్దె సైకిలుకు డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఆ కుర్రాడే తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు.

దేశం జట్టుతో కోచ్‌గా ఆయన ప్రయాణం అంత సాఫీగా సాగలేదు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం దక్కింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10-1తో చితక్కొట్టింది. చలిదేశంలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు మరి! 1953లో హంగరీ జట్టు వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో మట్టి కరిపించింది. సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి దించి ఆడించే ఆ ఎత్తును రహీం వంటబట్టించుకున్నారు. బ్రెజిల్ కంటే ముందే 4-2-4 ఆడించిన ఘనత ఆయనదేనని అభిమానులు అంటుంటారు. మూలం హంగరీదే అయినా, ఆ ఎత్తును పోలీసు కానిస్టేబుళ్లకూ రైల్వే ఉద్యోగులకూ ఒంటబట్టేలా చెప్పగలగడం పంతులుకే చెల్లింది. 1956 మెల్‌బోర్న్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, ఒలింపిక్ సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది. చివరికి నాలుగో స్థానం.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయనను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయిలాండ్ మీద గెలిచారు గానీ, డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఆ గాయంతో వెనక నిలబెట్టి హెడర్లు కొట్టించడం ప్రమాదం. మరొకరైతే బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం సాబ్ అతణ్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు! సెమీస్‌లో గోలు కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి సోంధీ తప్పుపట్టినందుకు స్టేడియమంతా మన జట్టు మీద భగ్గుమంటోంది. మనవాళ్ల కోసం గొంతు చించుకున్నది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లేనట. సెప్టెంబర్ 4న పి.కె. బెనర్జీ, జర్నైల్ కొట్టిన గోల్స్‌తో దక్షిణ కొరియా మీద 2-1తో స్వర్ణం గెలిచారు.

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆ తర్వాత భారత్ ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ గడప తొక్కలేదు. 2024లో అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ వచ్చాక ఆయన పేరు కొత్త తరానికి తెలిసింది. సినిమా సరే, ఆ ఎడమకాలి టోర్నమెంటు సంగతేమిటి? దానికి కొత్త స్టేడియం అక్కర్లేదు, విదేశీ కోచ్ అక్కర్లేదు. ఏ బడి పీఈటీ మాస్టారైనా వచ్చే సెలవుల్లోనే పెట్టి చూడవచ్చు.