బడి వరండాలో రెడ్‌క్రాస్

జూనియర్ రెడ్‌క్రాస్ బడిపిల్లల సేవాసంఘం. కాలేజీకి వచ్చేసరికి దాని పేరు యూత్ రెడ్‌క్రాస్. రెండింటి పుట్టుకా 1859 జూన్ 24న ఉత్తర ఇటలీలోని సోల్ఫెరినో దగ్గర జరిగిన యుద్ధంలో ఉంది. దిక్కులేక పడివున్న క్షతగాత్రులను చూసిన జెనీవా వ్యాపారి హెన్రీ డ్యూనాంట్, పక్క ఊరి ఆడవాళ్లను కూడగట్టి, ఏ పక్షం సైనికుడని అడగకుండా అందరికీ సేవ చేయించాడు. 1862లో అచ్చైన పుస్తకంలో ఆయన అడిగింది యుద్ధం వచ్చాక పరుగెత్తే మనుషులను కాదు, శాంతికాలంలోనే తర్ఫీదు పొంది సిద్ధంగా ఉండే స్వచ్ఛంద సేవకులను. ఆ పిలుపుతోనే 1863లో రెడ్‌క్రాస్‌కు మూలమైన జెనీవా కమిటీ, మరుసటి ఏడు జెనీవా ఒప్పందం వచ్చాయి.

పిల్లలు ఇందులోకి వచ్చింది మొదటి ప్రపంచ యుద్ధంతో. 1917లో అమెరికాలో మొదలైన జూనియర్ రెడ్‌క్రాస్ బడిపిల్లల చేత సైనికులకు ఉన్నిబట్టలు అల్లించింది, కట్టుగుడ్డలు చుట్టించింది. యుద్ధం ముగిశాక ఆ ఉత్సాహం ఆరోగ్యం, సేవ, స్నేహం అనే మూడు పనులకు మళ్లింది. మూడోది అందమైన ఆలోచన: ఒక దేశపు బడి తన ఊరి బొమ్మలతో, ముచ్చట్లతో ఆల్బమ్ కట్టి, ముఖం చూడని మరో దేశపు బడికి పంపేది.

భారత రెడ్‌క్రాస్ సొసైటీ 1920 నాటి చట్టంతో ఏర్పడింది. రాష్ట్ర శాఖకు గవర్నరు, జిల్లా శాఖకు కలెక్టరు అధ్యక్షులు. హోదాలు అంత ఎత్తున ఉన్నా, బడిలో భారమంతా కౌన్సిలర్ అయిన ఉపాధ్యాయుడిదే. కాలేజీలో ఆ స్థానం ప్రోగ్రాం ఆఫీసరుది. ఆయన సంతకం చేస్తే, పని నడిపేది విద్యార్థి నాయకుడు.

ఆ నాయకత్వానికి అసలు పరీక్ష రక్తదాన శిబిరం. దాతకు 18 ఏళ్లు నిండాలి, బరువు 45 కిలోలకు తగ్గకూడదు, హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి కనీసం 12.5 గ్రాములు ఉండాలి. మళ్లీ ఇవ్వడానికి మగవారికి 90 రోజులు, ఆడవారికి 120 రోజులు ఆగాలి. పరీక్షల తేదీలు చూసి రోజు ఖరారు చేయడం, బ్లడ్‌బ్యాంకుతో మాట్లాడటం, ఖాళీ కడుపుతో వచ్చినవారిని టిఫిన్‌కు పంపడం, ఇచ్చాక కాసేపు కూర్చోబెట్టడం... ఫొటోలో కనిపించని పనులే ఎక్కువ. హిమోగ్లోబిన్ చాలక వెనుదిరిగిన అమ్మాయిల పేర్లను చాలా సంఘాలు పక్కన పడేస్తాయి. తెలివైన నాయకురాలికి మాత్రం రక్తహీనతపై తర్వాతి కార్యక్రమం ఆ పేర్లతోనే మొదలవుతుంది.

తుపాను సహాయంలోనూ ఇలా అవతలివారి అవసరాన్ని గమనించే చూపు కావాలి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచిన నాటి నుంచి, కోస్తాలో విపత్తు అనగానే కాలేజీలు చందాలు, బట్టలు పోగుచేస్తూ వచ్చాయి. చిరిగిన పాతబట్టల మూట బాధితుడికి సాయం కాదు, దించుకునేవాడికి అదనపు చాకిరీ. ఏం కావాలో ముందు అక్కడివారిని అడిగి పంపే అలవాటు ఆలస్యంగానే వచ్చింది.

డిగ్రీ మూడేళ్లే కాబట్టి నాయకులు మారుతూనే ఉంటారు. వెళ్లేవారు కొత్తవారికి అప్పగించే వాటిలో ఎక్కువ విలువైనది రక్తగ్రూపుల రిజిస్టరు: అందులో నెగటివ్ గ్రూపుల పేజీ విడిగా, చివరిసారి ఇచ్చిన తేదీలతో ఉంటుంది.